డెజర్ట్ బస్ ఫర్ హోప్

డెజర్ట్ బస్ ఫర్ హోప్ కెనడా పశ్చిమ తీరంలోని విక్టోరియా నగరం నుంచి ఏటా నవంబరులో ఇంటర్‌నెట్‌లో ప్రత్యక్షంగా ప్రసారమయ్యే వీడియో గేమ్ కార్యక్రమం. 2007లో మొదలైంది. ఆసుపత్రుల్లో ఉన్న పిల్లలకు బొమ్మలు, ఆటలు సమకూర్చే చైల్డ్స్ ప్లే అనే సంస్థకు విరాళాలు పోగుచెయ్యడం దీని ఉద్దేశం. లోడింగ్‌రెడీరన్ అనే హాస్య బృందం దీన్ని నడుపుతుంది. రోజుల తరబడి, రాత్రనక పగలనక, ఒకే ఆట ఆడతారు. ఆ ఆట పేరు డెజర్ట్ బస్. ఆడేవాడికి విసుగు పుట్టించాలనే పట్టుదలతో తయారుచేసిన ఆట అది. దాన్ని ఆడుతుంటే చూసి డబ్బులిచ్చేవాళ్లు ఉంటారని తయారుచేసినవాళ్లు కూడా అనుకుని ఉండరు. ఆన్‌లైన్‌లో ఆటలాడుతూ దాతృత్వానికి నిధులు సేకరించే కార్యక్రమాలు ఇవాళ చాలా ఉన్నాయి. ఇప్పటికీ నడుస్తున్నవాటిలో డెజర్ట్ బస్ మొదటి తరానికి చెందింది. 2023 నాటికి అన్ని సంవత్సరాల వసూళ్లూ కలిపి కోటి డాలర్లు దాటాయి.

ఆట

బస్సు అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టూసాన్ ఊరి దగ్గర బయల్దేరుతుంది. నెవాడాలోని లాస్ వేగాస్ చేరాలి. బస్సు వేగం గంటకు 45 మైళ్లు, అంటే సుమారు 72 కిలోమీటర్లు మించదు. నిజం ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో ఆటలోనూ అంతసేపే పడుతుంది: ఎనిమిది గంటలు. మధ్యలో ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. ఎదురుగా వచ్చే బండి లేదు. దారి మలుపన్నది లేకుండా తాడు లాగి పరిచినట్టు ఉంటుంది. రెండు పక్కలా ఇసుక, అక్కడక్కడ ఒక రాయి, ఒక బోర్డు. అద్దం దగ్గర చెట్టు ఆకారంలో పరిమళపు అట్టముక్క ఒకటి వేలాడుతూ ఊగుతూ ఉంటుంది. ఆటలో ఏదైనా కదులుతోందంటే అదీ, దూరం చూపే మీటరు అంకెలూ మాత్రమే.

ఇంత సాదా ఆటలో ఒక్క మెలిక ఉంది. బస్సు ఎప్పుడూ కొంచెం కుడివైపుకు లాగుతుంది. కాబట్టి వేగం మీట మీద ఏదో బరువు పెట్టి, పడుకుని పొద్దున లేచి చూసుకుందామంటే కుదరదు. కొన్ని క్షణాలకొకసారి ఎడమకు తిప్పి సరిచేస్తూ ఉండాలి. చెయ్యి మరిస్తే బస్సు ఇసుకలోకి దిగి ఆగిపోతుంది. అప్పుడు లాగుడు బండి వచ్చి బస్సును మళ్లీ టూసాన్‌కు ఈడ్చుకుపోతుంది, అదీ నిజం సమయంలోనే. ఏడు గంటలు నడిపి ఎనిమిదో గంటలో కునుకు పట్టినవాడు ఆ వెనక ప్రయాణమంతా కూర్చుని చూడాలి. ఆటను మధ్యలో ఆపి పెట్టుకునే వీలు కూడా లేదు. మామూలుగా ఆట ఆపడానికి వాడే మీట నొక్కితే ఇక్కడ హారన్ మోగుతుంది.

బస్సు వేగాస్ చేరితే వచ్చేది ఒక్క పాయింటు. వెంటనే తిరుగు ప్రయాణం చేస్తారా అని అడుగుతుంది. కొన్ని సెకన్లలో ఒప్పుకోకపోతే ఆట ముగిసినట్టే. ఒప్పుకుంటే మరో ఎనిమిది గంటలకు మరో పాయింటు. తిరుగు దారిలో మాత్రం వెలుతురు మెల్లగా తగ్గి, సంధ్య చీకటై, చివరికి హెడ్‌లైట్ల వెలుగులో కనిపించే కాస్త రోడ్డు తప్ప తెర మీద ఇంకేమీ మిగలదు. మొదటి ప్రయాణంలో సుమారు ఐదు గంటల తర్వాత ఒక పురుగు వచ్చి ముందు అద్దానికి కొట్టుకుని చితుకుతుంది. ఆటలో జరిగే సంఘటన ఏదైనా ఉందంటే ఇదే.

ఎందుకు తయారైంది

అమెరికాలో గారడీకి హాస్యం కలిపి పేరు తెచ్చుకున్న పెన్ జిలెట్, టెల్లర్ జంట 1990ల మధ్యలో ఒక వీడియో గేమ్ తలపెట్టింది. పేరు ‘పెన్ అండ్ టెల్లర్స్ స్మోక్ అండ్ మిర్రర్స్’. ఇమాజినీరింగ్ అనే సంస్థ తయారుచేసింది. అబ్సల్యూట్ ఎంటర్‌టైన్‌మెంట్ విడుదల చెయ్యాల్సి ఉంది. సెగా సీడీ అనే కన్సోల్ కోసం రాసిన ఈ డిస్కులో చిన్న చిన్న ఆటలు కొన్ని ఉన్నాయి. చాలావాటి సంగతి ఒకటే: యజమానికి రహస్యం తెలుసు, పక్కన కూర్చున్న స్నేహితుడికి తెలియదు, వాణ్ని బురిడీ కొట్టించడమే ఆట. డెజర్ట్ బస్ కూడా ఆ డిస్కులోదే. టీవీ రచయిత ఎడ్డీ గొరొడెట్‌స్కీ ఆలోచన నుంచి పుట్టిందని పెన్ జిలెట్ చెబుతూ వచ్చాడు.

దీని వెనక అప్పటి రాజకీయం ఉంది. 1992లో వచ్చిన ‘మోర్టల్ కాంబాట్’ వంటి ఆటల్లోని రక్తపాతం మీద అమెరికాలో పెద్ద గొడవ లేచింది. 1993 డిసెంబరులో సెనేటర్లు జో లీబర్మన్, హెర్బ్ కోల్ విచారణ సభ పెట్టారు. ఆనాటి అటార్నీ జనరల్ జానెట్ రీనో తెర మీద హింసను గట్టిగా విమర్శించారు. ఆటలకు వయసును బట్టి గుర్తులు వేసే ఏర్పాటు ఆ ఒత్తిడి వల్లనే 1994లో వచ్చింది. ఆటలు వాస్తవ జీవితానికి దగ్గరగా, హింస లేకుండా, పిల్లలకు పని నేర్పేలా ఉండాలన్న పెద్దలకు పెన్, టెల్లర్ ఇచ్చిన వెటకారపు సమాధానం డెజర్ట్ బస్. ఇందులో ఎవరూ చావరు, పురుగు తప్ప. డ్రైవరు ఉద్యోగం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. అడిగినవన్నీ ఉన్నాయి; ఆడబుద్ధి మాత్రం కాదు.

దీనికి పోటీ కూడా పెట్టాలనుకున్నారు. ఎక్కువ పాయింట్లు సాధించినవాళ్లను నిజం బస్సులో, సంగీత బృందంతో, నాట్యగత్తెలతో టూసాన్ నుంచి లాస్ వేగాస్ దాకా ఊరేగించి తీసుకువెళ్లాలన్నది ఆలోచన. అంతదాకా రాలేదు. సెగా సీడీకి కాలం చెల్లిపోతోంది. 1995లో అబ్సల్యూట్ ఎంటర్‌టైన్‌మెంట్ మూతపడింది. ఆట దాదాపు పూర్తయినా దుకాణాల్లోకి రాలేదు. పత్రికల వాళ్లకు సమీక్ష కోసం పంపిన కొద్ది ప్రతులే లోకంలో మిగిలాయి.

అలాంటి ఒక ప్రతి పదేళ్ల తర్వాత ఫ్రాంక్ సిఫాల్డి చేతికి వచ్చింది. విడుదల కాకుండా పోయిన ఆటలను వెదికి భద్రపరచడం ఆయన ఇష్టంగా పెట్టుకున్న పని. తర్వాతి కాలంలో వీడియో గేమ్ చరిత్రను కాపాడే ఒక సంస్థనే స్థాపించాడు. సిఫాల్డి ఆ డిస్కు గురించి రాసి, దాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చాక 2006 నాటికి డెజర్ట్ బస్ పేరు ఆటగాళ్ల మధ్య పాకింది. అమ్మకానికి వచ్చి ఉంటే ఈ ఆటను వారంలో మరిచిపోయేవారేమో. కనబడకుండా పోయి దొరకడమే దానికి కలిసొచ్చింది.

చైల్డ్స్ ప్లే

విరాళాలు అందుకునే సంస్థ కథ కూడా ఇదే గొడవలోంచి మొదలవుతుంది. సియాటిల్ ప్రాంతంలో పెన్నీ ఆర్కేడ్ అనే కార్టూన్ వరుసను నడిపే మైక్ క్రాహులిక్, జెరీ హోల్కిన్స్ 2003లో ఒక స్థానిక పత్రికలో వీడియో గేములు పిల్లలకు చంపడం నేర్పుతున్నాయన్న వ్యాసం చదివారు. ఇలాంటి రాతలు వాళ్లకు కొత్త కాదు. వాదనకు దిగడం మాని, ఆటగాళ్లు ఎలాంటివాళ్లో పనిలో చూపిద్దామని సియాటిల్ పిల్లల ఆసుపత్రికి బొమ్మలు కొనిపెట్టమని తమ పాఠకులను అడిగారు. కొద్ది వారాల్లోనే బొమ్మలూ నగదూ కలిపి రెండున్నర లక్షల డాలర్ల దాకా వచ్చిపడ్డాయి.

చైల్డ్స్ ప్లే పద్ధతి సూటిగా ఉంటుంది. ఆసుపత్రి తనకు ఏం కావాలో ఆన్‌లైన్ దుకాణంలో జాబితా పెడుతుంది: బొమ్మలు, పుస్తకాలు, సినిమాలు, ఆటలు, కన్సోళ్లు. దాత అందులో ఒకటి కొంటే అది నేరుగా ఆసుపత్రికి చేరుతుంది. నగదుగా వచ్చినదాన్ని సంస్థ అవసరాన్ని బట్టి పంచుతుంది. ఎక్కువ ఆసుపత్రులు అమెరికా, కెనడాల్లో ఉన్నాయి. ఇతర దేశాల్లోనూ కొన్ని ఉన్నాయి. తర్వాతి కాలంలో గృహహింసకు గురైన కుటుంబాలు తలదాచుకునే ఆశ్రయాలకూ సాయం విస్తరించింది. కొన్ని ఆసుపత్రుల్లో ఆటల పరికరాలు చూసుకోవడానికే ఒక నిపుణుణ్ణి నియమించేందుకు కూడా నిధులిస్తోంది. ఈ చివరిది పైకి విలాసంలా కనిపించినా అవసరమైన ఖర్చే. కన్సోల్ కొనిపెట్టడం తేలిక. దాన్ని ఒక పిల్లవాడి మంచం దగ్గర్నుంచి ఇంకో మంచానికి మార్చేటప్పుడు శుభ్రం చెయ్యాలి, సెలైన్ సూది ఉన్న చెయ్యితో ఆడగలిగేలా మీటలు అమర్చాలి, పాడైతే బాగుచెయ్యాలి. ఇవన్నీ నర్సుల నెత్తిన పడితే ఆ పరికరం బీరువాలోనే ఉండిపోతుంది. సూది గుచ్చేటప్పుడో కట్టు మార్చేటప్పుడో పిల్లల ధ్యాస మళ్లించడానికి ఆటలు పనికొస్తాయని పిల్లల వార్డుల్లో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

2007లో మొదటిసారి

లోడింగ్‌రెడీరన్ బృందాన్ని గ్రాహమ్ స్టార్క్, పాల్ సాండర్స్ 2003లో విక్టోరియాలో ప్రారంభించారు. చిన్న చిన్న హాస్య వీడియోలు తీసి ఇంటర్‌నెట్‌లో పెట్టేవాళ్లు. యూట్యూబ్ అప్పటికి లేదు. చైల్డ్స్ ప్లే కోసం ఏదైనా చెయ్యాలనుకున్నప్పుడు వాళ్లకు డెజర్ట్ బస్ గుర్తొచ్చింది. ఆడేవాడు హింస అనుభవిస్తుంటే చూసేవాడు నవ్వుకుంటూ డబ్బిస్తాడన్నది లెక్క. స్టార్క్, సాండర్స్, మాట్ విగ్గిన్స్, మోర్గన్ వాన్‌హంబెక్ నలుగురూ వంతులవారీగా బస్సు నడపడానికి సిద్ధమయ్యారు.

అమెరికాలో ఇలా ఆగకుండా కార్యక్రమం నడిపి చందాలు అడగడం కొత్త కాదు. టెలిథాన్ పేరుతో టీవీలో దశాబ్దాలుగా ఉంది. కండరాల వ్యాధిగ్రస్తుల కోసం హాస్యనటుడు జెరీ లూయిస్ 1966 నుంచి 2010 దాకా ఏటా సెప్టెంబరులో నడిపిన కార్యక్రమం అందులో పేరెన్నికగన్నది. కానీ దానికి టీవీ స్టేషన్లు, తారలు, వాద్యబృందాలు కావాలి. 2007 నాటికి ఒక గది, ఒక కెమెరా, ఒక ఇంటర్‌నెట్ కనెక్షన్ ఉంటే చాలు అన్న పరిస్థితి అప్పుడప్పుడే వస్తోంది. ఆటల ప్రసారానికి ఇవాళ పర్యాయపదమైన ట్విచ్ పుట్టడానికి ఇంకా నాలుగేళ్లుంది. చిత్రం మసకగా వచ్చేది, మధ్యలో తెగిపోయేది. అయినా సంగతి నోటి మాటగా పాకింది. పెన్, టెల్లర్‌ల చెవిన పడి వాళ్లూ విరాళమిచ్చారు. బృందం చేతికి చివరికి వచ్చింది 22,805 డాలర్లు. మరుసటి ఏడాది 70,423. తమాషాగా ఒక్కసారి చేసి వదిలేద్దామనుకున్న పని ఏటేటా చెయ్యాల్సిన పనిగా మారింది.

ఏడు శాతం

ఈ కార్యక్రమం ఇన్నేళ్లు నిలవడానికి ఆట కన్నా, ఆడేవాళ్ల హాస్యం కన్నా, మొదట్లోనే పెట్టుకున్న ఒక చిన్న లెక్క ఎక్కువ కారణమని చెప్పాలి. ఎంతసేపు ఆడాలన్నది ఆడేవాళ్లు నిర్ణయించరు. విరాళాలు నిర్ణయిస్తాయి. మొదటి గంట ధర ఒక డాలరు. రెండో గంట ధర అంతకంటే ఏడు శాతం ఎక్కువ. మూడోది రెండోదానికంటే ఏడు శాతం ఎక్కువ. చక్రవడ్డీ లెక్క తెలిసినవాళ్లకు ఇది ఎటు పోతుందో వెంటనే అర్థమవుతుంది.

మొదటి రోజు 24 గంటలు మొత్తం కొనడానికి 58 డాలర్లు చాలు. అంటే ఒక్క దాత చాలు. రెండు రోజులకు 353 డాలర్లు. మూడు రోజులకు 1,850. నాలుగు రోజులకు సుమారు 9,440. ఐదు రోజులకు 48 వేలకు కాస్త తక్కువ. ఆరు రోజులకు 2 లక్షల 43 వేలు. వారం నిండాలంటే 12 లక్షల 34 వేల డాలర్లు కావాలి. విడిగా చూస్తే వందో గంట ధర 811 డాలర్లు. నూట అరవై ఎనిమిదో గంట, అంటే వారంలో ఆఖరి గంట ధర 80 వేల 700 పైచిలుకు.

ఈ వరుసలో రెండు సదుపాయాలు ఉన్నాయి. మొదట్లో గంటలు చవక. ఐదు డాలర్లిచ్చినవాడు కూడా ఒక పూట కొనేశానని గర్వపడొచ్చు. గది లోపల అందరూ నెత్తి పట్టుకుంటారు, చాట్‌లో నవ్వులు మోగుతాయి. రెండోది ఇంకా ముఖ్యం: డబ్బు ఎంత పెరిగినా ఆడేవాళ్ల ప్రాణం మీదికి రాదు. విరాళాలు రెట్టింపయితే అదనంగా పడేది పది గంటల పావు మాత్రమే. 2007లో వచ్చిన 22,805 డాలర్లకు లెక్క ప్రకారం 109 గంటలు, అంటే నాలుగున్నర రోజులు. 2021లో అంతకు యాభై రెట్లకు పైగా వచ్చినా సమయం వారం దాటలేదు. గంటకింత అని సమానమైన ధర పెట్టి ఉంటే ఈ కార్యక్రమం రెండో ఏడాదే ఎవరూ మొయ్యలేనిదయ్యేది. మరీ ఎక్కువ శాతం పెట్టి ఉంటే రెండు రోజుల్లోనే ముగిసి అసలు రుచే పుట్టేది కాదు.

చివరి రెండు రోజుల్లో ఉత్కంఠ అంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది. తర్వాతి గంటకు ఇంకా ఎంత కావాలో తెర మీద అంకె కనబడుతుంటుంది. అది నిండకుండా కొన్న సమయం అయిపోతే బస్సు ఆగిపోతుంది. ఆడేవాళ్లు నిద్ర కోసం ఆగిపోవాలని కోరుకుంటూనే, ఆసుపత్రుల కోసం ఆగకూడదని కోరుకుంటారు. చూసేవాళ్లు ఆ ఇరకాటాన్నే కొంటారు.

గదిలో ఏం జరుగుతుంది

ప్రసారం చూసేవాళ్ల తెర మీద ఆట ఒక మూల ఉంటుంది, బస్సు నడిపేవాడి ముఖం ఒక పక్క, మిగతా గది ఇంకో పక్క కనిపిస్తాయి. నడిపేవాడి చెయ్యి మాటల మధ్యలో కూడా తనంతట తాను ఎడమకు తట్టుతూ ఉంటుంది. వెనకనుంచి ఎవరో పాడుతుంటారు, ఎవరో వేలం పాటలో ధర అరుస్తుంటారు. బస్సు మాత్రం అదే రోడ్డు మీద అదే వేగంతో పోతూ ఉంటుంది. వేగాస్ దగ్గరపడితే చేస్తున్న పని ఆపి అందరూ కుర్చీ వెనక గుమిగూడతారు. ఒక్క పాయింటు పడగానే క్రికెట్‌లో వికెట్ పడ్డంత హడావుడి. అద్దానికి పురుగు కొట్టుకున్నా అంతే సంబరం. ఆ క్షణం తప్పిపోయినవాళ్లు చాట్‌లో బాధపడతారు.

రోజును నాలుగు షిఫ్టులుగా విడదీశారు. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా డాన్ గార్డ్. పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆల్ఫా ఫ్లైట్. అక్కడి నుంచి అర్ధరాత్రి దాకా నైట్ వాచ్. అర్ధరాత్రి నుంచి తెల్లారి ఆరు దాకా జీటా షిఫ్ట్. ఒక్కో షిఫ్టుకు ఒక్కో జెండా, ఒక్కో గుర్తు, ఒక్కో స్వభావం ఏర్పడ్డాయి. డాన్ గార్డ్ వాళ్లు ఉత్సాహంగా క్రమశిక్షణతో ఉంటారని పేరు. జీటా షిఫ్ట్‌కు వచ్చేసరికి నిద్రలేమి తలకెక్కి సంభాషణ ఎటు పోతుందో తెలియదు; చాలామంది ప్రేక్షకులకు ఇష్టమైనది అదే. చూసేవాళ్లు కూడా తాము ఏ షిఫ్టు పక్షమో చెప్పుకుని వాదించుకుంటారు.

డబ్బు వచ్చే దారులు పలు రకాలు. ఊరికే ఇచ్చేవాళ్లు ఉంటారు. డబ్బిచ్చి పని చెప్పేవాళ్లు ఉంటారు: ఫలానా పాట పాడండి, ఫలానా వేషం వెయ్యండి, తెలియని భాషలో పద్యం చదవండి. గదిలో ఉన్నవాళ్లకు ఒప్పుకునే, బేరమాడే, కాదనే స్వేచ్ఛ ఉంటుంది. ఈ బేరమే సగం వినోదం. చెప్పిన మొత్తం సరిగ్గా ఇచ్చినవాళ్ల పేర్లలోంచి చీటీ తీసి బహుమతిచ్చే పద్ధతి ఒకటి. అన్నిటికంటే బాగా రాబట్టేది వేలం. అందులో పెట్టే వస్తువుల్లో చాలాభాగం ప్రేక్షకులే ఏడాది పొడుగునా కూర్చుని చేతితో చేసి పంపినవి: అల్లికలు, బొంతలు, చెక్కపని, గాజుపని, బస్సు బొమ్మలు. నెలల తరబడి కుట్టిన బొంతకు వేల డాలర్ల ధర పలకడం ఇక్కడ మామూలే. కుట్టినావిడ చాట్‌లో కూర్చుని ఆ పాట చూస్తూ ఉంటుంది. కొన్నవాడు వస్తువు విలువ చూసి ఆ ధర పెట్టడం లేదని ఆవిడకూ తెలుసు.

తెర వెనక ఇంకో బృందం పనిచేస్తుంది. వీళ్లలో చాలామంది విక్టోరియాలో ఉండరు. ఎవరి దేశంలో వాళ్లు కూర్చుని, గదిలో జరిగే ప్రతి ముచ్చటనూ సమయంతో సహా ఉమ్మడి పట్టికలో రాసుకుంటారు. తర్వాత ఆ ముక్కలు కత్తిరించి యూట్యూబ్‌లో పెడతారు. వారం రోజుల ప్రసారాన్ని ఎవరూ పూర్తిగా చూడలేరు కాబట్టి, కార్యక్రమానికి జ్ఞాపకంగా మిగిలేది వీళ్ల కూర్పే. జీతం లేదు.

పెరుగుదల

2009లో విరాళాలు లక్షా నలభై వేల డాలర్లకు చేరాయి. 2011లో మూడు లక్షల ఎనభై వేలు దాటాయి. అదే ఏడాది డెజర్ట్ బస్ ఫోన్లలో ఆడుకునే రూపంలో కూడా వచ్చింది, దాని ఆదాయమూ చైల్డ్స్ ప్లేకే. 2013లో ఐదు లక్షలు దాటింది. న్యూయార్కర్ పత్రిక ఆ ఏడాది ఆట పుట్టుక మీద వ్యాసం వేసింది. 2018లో 7 లక్షల 30 వేలు. 2017లో డెజర్ట్ బస్‌ను వర్చువల్ రియాలిటీ పరికరాలకు అనువుగా మళ్లీ తయారుచేసి ఉచితంగా విడుదల చేశారు. ఇప్పుడు ఎవరైనా ముఖానికి కళ్లజోడు పెట్టుకుని ఎనిమిది గంటలు అరిజోనా ఎడారిలో కూర్చోవచ్చు. దానికి ఎంతమంది పూనుకున్నారన్నది వేరే సంగతి.

2020లో కోవిడ్ వచ్చాక ఒకే గదిలో ముప్ఫై మంది చేరే వీలు లేకపోయింది. బృందం ఎవరి ఇళ్లలో వాళ్లు ఉండి కార్యక్రమం నడిపింది. గదిలోని గోలే ప్రాణమైన ప్రసారానికి ఇది దెబ్బ కావాలి. అలా కాలేదు. జనం ఇళ్లలోనే ఉన్నారు, తోడు వెదుక్కుంటున్నారు. విరాళాలు మొదటిసారి పది లక్షలు దాటి 10 లక్షల 52 వేల డాలర్లయ్యాయి. మరుసటి ఏడాది 12 లక్షల 20 వేలు దాటాయి. ఆ తర్వాత వసూళ్లు పది లక్షల చుట్టూ తిరుగుతున్నాయి. ఏటా నిరుటికంటే ఎక్కువ రావాలన్న పట్టింపు ఈ కార్యక్రమంలో మరీ బలంగా కనిపించదు; లెక్క రూపంలోనే ఆ పోటీకి పగ్గం ఉంది.

ఇదే తోవలోని ఇతర కార్యక్రమాలు

2008లో అమెరికాలో మొదలైన ఎక్స్‌ట్రా లైఫ్ పద్ధతి వేరు. ఎక్కడివాళ్లక్కడ ఒక రోజంతా తమకు నచ్చిన ఆట ఆడుతూ తెలిసినవాళ్ల దగ్గర పిల్లల ఆసుపత్రుల కోసం చందా అడుగుతారు. కేంద్రం అంటూ లేదు.

గేమ్స్ డన్ క్విక్ 2010 జనవరిలో ఒక ఇంటి నేలమాళిగలో పుట్టింది. అక్కడ ఆటను వీలైనంత వేగంగా పూర్తిచేసే నిపుణులు వరుసగా వస్తారు. గంటల ఆటను నిమిషాల్లో ముగించే నేర్పు చూడడానికే జనం వస్తారు. మొదటిసారి కేర్ అనే సహాయ సంస్థకు పది వేల డాలర్లు వచ్చాయి. ఇప్పుడు ఏడాదికి రెండు పెద్ద సభలు జరుగుతాయి: జనవరి వసూళ్లు క్యాన్సర్ నివారణ సంస్థకు, వేసవి వసూళ్లు సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు వెళ్తాయి. ఒక్కో సభలో ముప్ఫై లక్షల డాలర్లు దాటిన సందర్భాలు ఉన్నాయి. బ్రిటన్‌లో యోగ్‌స్కాస్ట్ బృందం 2011 నుంచి ప్రతి డిసెంబరులో జింగిల్ జామ్ నడుపుతోంది. చందా ఇచ్చినవాళ్లకు ఆటల కట్ట ఒకటి కానుకగా వస్తుంది. ఫ్రాన్స్‌లో పేరున్న ప్రసారకులంతా ఒకచోట చేరి నడిపే జెడ్‌ఈవెంట్ 2021లో ఆకలి మీద పనిచేసే సంస్థకు కొద్ది రోజుల్లోనే కోటి యూరోలు తెచ్చిపెట్టింది.

మొత్తం డబ్బులో చూస్తే వీటిలో కొన్నిటి ముందు డెజర్ట్ బస్ చిన్నది. జెడ్‌ఈవెంట్ ఒక్క ఏడాది తెచ్చింది డెజర్ట్ బస్ పదిహేడేళ్లలో తెచ్చినదానికి ఇంచుమించు సమానం. కానీ మిగతావన్నీ ఏదో ఒక ఆకర్షణ మీద ఆధారపడతాయి: నేర్పు, తారలు, కొత్త ఆటలు, కానుకలు. డెజర్ట్ బస్‌లో ఆట పరంగా చూడ్డానికి ఏమీ లేదు. అదే దానికి వరమైంది. కొత్త ఆటలు పాతబడతాయి, వాటి హక్కుల గొడవలు వస్తాయి. పాతబడడానికి ఏమీ లేని ఆట పదిహేడో ఏడు కూడా మొదటి ఏడులాగే పనికొస్తుంది. తెర నిండా జరగడానికి ఏమీ లేకపోవడం వల్లనే గదిలోని మనుషులకు చోటు దొరికింది.

దీనికి పరిమితులు లేకపోలేదు. ప్రేక్షక బృందం గట్టిది, విధేయమైనది, కానీ మరీ పెద్దది కాదు. ఏటా వచ్చే డబ్బులో పెద్ద భాగం పాత ముఖాలదే. లోపలివాళ్ల ఛలోక్తులు పేరుకుపోయి కొత్తగా వచ్చినవాడికి మొదటి గంట ఏమీ అర్థం కాదు. మొదటి ఏడాది నలుగురు పాతికేళ్ల కుర్రాళ్లు నిద్ర మానుకుని చేసిన పని ఇప్పుడు డజన్లకొద్దీ మంది షిఫ్టులు వేసుకుని చేస్తున్నారు కాబట్టి అప్పటి మొండితనం కనిపించదని పాత ప్రేక్షకులు కొందరు గొణుగుతారు. ఆ గొణుగుడులో నిజం ఉంది. అయితే అలా మార్చుకోకపోయి ఉంటే ఐదో ఏడాదికే కార్యక్రమం ఆగిపోయేది.

కార్యక్రమం నవంబరు మధ్యలో ట్విచ్‌లో ప్రసారమవుతుంది. చూడడానికి డబ్బు కట్టక్కర్లేదు. సమయాలన్నీ పసిఫిక్ తీరపు లెక్కలో చెబుతారు, భారత కాలమానం దానికి ఆ నెలలో పదమూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ అర్ధరాత్రి మొదలయ్యే జీటా షిఫ్ట్ హైదరాబాదులో, విశాఖలో మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలై రాత్రి ఏడున్నరకు ముగుస్తుంది. కాబట్టి అక్కడివాళ్లు నిద్రను చంపుకుని నడిపే షిఫ్టును ఇక్కడివాళ్లు భోంచేసి తీరిగ్గా చూడొచ్చు.